బీరన్న ఒప్పుకున్న మోసం

బీరన్న ఇంట్లో గొర్రె చచ్చిపోతే ముందు దాని మెడలో ఉన్నది విప్పుతారు. ఏడుపు, గుంత తవ్వడం, ఎందుకు చచ్చిందన్న వాదన, అన్నీ ఆ తర్వాతే. విప్పింది గంట కావచ్చు, గవ్వల దండ కావచ్చు, ఉత్త ఎర్రతాడు కావచ్చు. దాన్ని నేల మీద పెట్టకూడదు. చేత్తో పట్టుకుని మందలోకి పోయి, చచ్చినదాని బిడ్డ ఎక్కడుందో వెతికి దాని మెడకు కట్టాలి. బిడ్డ లేకపోతే చెల్లెలికి కట్టాలి. పొద్దు గూకేలోపల ఆ పని అయిపోవాలి. తండ్రి లచ్చయ్య అలాగే చేశాడు, ఆయన తండ్రీ అంతే. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేరు. పండక్కి గడపకు పసుపు ఎందుకు రాస్తామో మనకు మాత్రం ఏం తెలుసు గనక.

దేవరకొండ నుంచి మర్రిగూడ వైపు పోతూ రోడ్డు దిగి బండ్లబాట పడితే వాళ్ల పల్లె వస్తుంది. గొర్రెలు కాసే కురుమల ఇళ్లు ఒక పక్క, మిగతా ఊరు ఇంకో పక్క. బోరు నీళ్లు తాగి పళ్లు గారపట్టినవాళ్లు, మోకాళ్లు వంగిపోయినవాళ్లు ఒకప్పుడు ఇంటికొకరు ఉండేవారు. లచ్చయ్యకు నడుమే వంగిపోయింది. మంద వెనక నడవలేక చేతికర్ర కొడుక్కి ఇచ్చేశాడు. బీరన్న బడి మొహం చూడటం అంతటితో సరి. ఆ తర్వాత అతని బతుకంతా గొర్రెల వెనకే గడిచింది. పెళ్లయింది, ఆడపిల్ల పుట్టింది, ఆ పిల్ల చిట్యాలలో కాపురం చేసుకుంటోంది. తెలంగాణ వచ్చాక సర్కారు గొర్రెలు పంచితే మంద ఇంకాస్త పెరిగింది. బీరన్న మాత్రం ఏమీ పెరగలేదు. పంచాయతీ మీటింగులో వెనక గోడకు ఆనుకుని నిలబడి, అందరూ తలూపితే తానూ ఊపి, ఇంటికొచ్చాక పెళ్లాం నాగరాణి ఏం చెప్పారని అడిగితే "ఏమో, మంచిగనే చెప్పిండ్రు" అనే రకం.

ఆ గుట్టల్లో ఎండాకాలం గడ్డి ఉండదు, నీళ్లు ఉండవు. అందుకని కింద వరికోతలు అవగానే మందలన్నీ సాగర్ కాల్వ కిందికి, హాలియా దిక్కు కదులుతాయి. కోసిన పొలాల్లో మేస్తూ, కాల్వ నీళ్లు తాగుతూ తొలకరి దాకా అక్కడే ఉంటాయి. పోయిన మంద బతుకుతుంది, పోని మంద చస్తుంది. మధ్యేమార్గం అంటూ ఏదీ లేదు. బీరన్నకు వచ్చిన కష్టమంతా ఆ ఒక్క ప్రయాణం దగ్గరే వచ్చింది.

ఒక వానాకాలం చివర పల్లెకు డబ్బీలు వచ్చాయి. తెచ్చినవాడు రాజేశ్ అని ఒక కంపెనీ ఉద్యోగి, చిట్యాల వాడే. అన్నా, అక్కా అంటూ అందరితో కలిసిపోయాడు. బెల్టుకు అగ్గిపెట్టెంత డబ్బీ. గొర్రె మెడకు కడితే అది ఎంత నడిచిందో, ఒళ్లు వేడిగా ఉందో లేదో ఫోనుకు తెలిసిపోతుంది. రోగం ముందే పసిగట్టవచ్చు. దొంగ ఎత్తుకుపోతే పట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, కాల్వ కిందికి పోవడానికి రోగం లేదన్న చీటీ కోసం ఇక ఎవరి చుట్టూ తిరగనక్కర్లేదు. ఫోనులో మంద పేరు పక్కన పచ్చచుక్క ఉంటే పోవచ్చు, ఎర్రచుక్క పడితే ఆగిపోవాలి. ఇది ప్రయోగమని, అందుకే సర్కారు కొన్ని నిబంధనలు మాఫీ చేసిందని రాజేశ్ గర్వంగా చెప్పాడు. కొత్త పనికి పాత చట్టం అడ్డం రాకూడదు కదా అన్నాడు. అందరూ తలూపారు.

రాకూడదు, నిజమే. పాత చట్టాల్లో సవాలక్ష చాదస్తాలు ఉంటాయి. నష్టపోయినవాడు పోయి అడుక్కోవడానికి ఒక మనిషిని చూపించడం కూడా ఆ చాదస్తాల్లో ఒకటి. మాఫీలో అదీ కొట్టుకుపోయిందని ఆ రోజు ఎవరికీ తట్టలేదు. ఒక్క నాగరాణి మాత్రం కొంగు సర్దుకుంటూ అడిగింది.

"డబ్బీ తప్పు చెప్తే ఎవర్ని అడగాలె తమ్మీ?"

"డబ్బీ తప్పు చెప్పదక్కా" అన్నాడు రాజేశ్, నవ్వుతూ. వెటకారం కాదు, పాపం, అతను నిజంగానే నమ్మాడు.

నాగరాణి అన్న సైదులు మాత్రం నమ్మలేదు. తన గొర్రెల సంగతి తనకు తెలుసంటూ పంచె దులుపుకుని లేచిపోయాడు. బీరన్నకు లేచిపోవడం చేతకాదు. పైగా రాజేశ్ వాళ్లింట్లో మజ్జిగ తాగాడు, గొర్రెపిల్లను ఒళ్లో కూచోబెట్టుకున్నాడు. అలాంటివాణ్ని కాదనడం ఎలా? రాజేశ్ కాగితం ఏదో చదివి వినిపించాడు, బీరన్న వేలిముద్ర వేశాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. గొర్రె మెడలో ఏదైనా కట్టడమంటే బీరన్నకు ముచ్చట. పెద్ద గొర్రెల మెడల్లో నీలం బెల్టులతో మంద బయల్దేరితే వెనక నడుస్తూ తనలో తను మురిసిపోయాడు.

చలికాలంలో పారుడు రోగం వచ్చింది. మిగతా మందలతో పోలిస్తే బీరన్న మందకు పెద్ద దెబ్బేమీ తగల్లేదు. ముసలి గొర్రెలు కొన్ని పోయాయి. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా అతను కూర్చుని, తండ్రి నేర్పినట్టే ముందు మెడలోది విప్పాడు. గంట ఉన్నచోట గంట, డబ్బీ ఉన్నచోట డబ్బీ. డబ్బీని నేల మీద పెట్టలేదు. చచ్చినదాని బిడ్డను వెతికి పట్టుకుని, దాని సన్నమెడకు బెల్టు వదులైతే చెప్పులు కుట్టే ఆరెతో ఇంకో రంధ్రం పొడిచి మరీ బిగించాడు. కొత్త వస్తువుకు పాత మర్యాద చేశాననుకున్నాడు. కంపెనీవాళ్లు చూస్తే సంతోషిస్తారని కూడా అనుకున్నాడు, పిచ్చి మారాజు.

కొన్నాళ్లకు పశువుల డాక్టరు సుచరిత టీకాలు వేయడానికి దేవరకొండ నుంచి వచ్చింది. ఎన్ని గొర్రెలు పోయాయని అడిగితే బీరన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. ఏవేవి పోయాయో కూడా చెప్పాడు. ఆమె ఫోనులో ఎక్కించుకుంది. టీకాలు అయిపోయాయి, ఛాయ్ తాగి వెళ్లిపోయింది. ఆ వారం తిరక్కుండానే మంద పేరు పక్కన ఎర్రచుక్క పడింది.

రాజేశ్‌కు ఫోను చేస్తే వచ్చాడు. ఫోను తిప్పి తిప్పి చూసి, చచ్చిపోయాయని రాయించిన గొర్రెలు రోజూ గుట్ట ఎక్కి దిగుతున్నాయని చెప్పాడు. పైగా ముసలి గొర్రెలు పడుచుపిల్లల్లా గంతులేస్తున్నాయి. బీరన్న మొదట పకపకా నవ్వాడు. అవి వాటి బిడ్డలని చెప్పి, మందలోకి తీసుకుపోయి ఒక్కొక్కదాన్నీ చూపించాడు. రాజేశ్ నవ్వలేదు. అక్కడే నిలబడి ఫోటోలు తీసి, జరిగింది రాసి పైకి పంపించాడు.

పైనుంచి జవాబు వచ్చింది. డబ్బీ ఒక గొర్రె నుంచి ఇంకో గొర్రెకు మార్చకూడదని కాగితంలో ఉంది. మార్చడమంటే లెక్కను తారుమారు చేయడం. లెక్క తారుమారైన మందలో రోగం ఉందో లేదో డబ్బీ చెప్పలేదు కాబట్టి ఆ మంద మండలం దాటకూడదు. డబ్బీలు విప్పేస్తే అది ఇంకో నేరం. విచారణ ఎప్పుడు? ప్రయోగం ముగిశాక. ప్రయోగం ఎప్పుడు ముగుస్తుంది? అది ఎవరూ చెప్పలేదు.

ఎండలు ముదిరాయి. ఊరి చెరువు అడుగున బురద, బురద అంచున కొంగలు మిగిలాయి. తర్వాత కొంగలు కూడా పోయాయి. మందలు ఒక్కొక్కటే కాల్వ దిక్కు కదిలాయి. డబ్బీ వద్దన్నవాళ్లు ముందు పోయారు. వాళ్లకు సుచరిత రాసిచ్చే పాత చీటీ చాలు. డబ్బీ కట్టుకుని పచ్చచుక్క ఉన్నవాళ్లు తర్వాత పోయారు. సైదులు చెల్లెలి మొగుడి కోసం కొన్నాళ్లు ఆగాడు. రెండు మందలూ కలిపేద్దాం, ఎవడు చూస్తాడో చూద్దాం అన్నాడు. బీరన్నకు భయమేసినా బయల్దేరాడు. రోడ్డెక్కిన చోట తనిఖీకి కూర్చున్నవాళ్ల ఫోను కీచుకీచుమంది. బీరన్న మంద ఒక్కటే అయితే ఒక్కటే ఆగుతుంది, కలిపి ఉంటే రెండూ ఆగుతాయని వాళ్లు చెప్పారు. కాల్వ కింది ఊళ్లకు కూడా చెప్పేశారట, ఎర్రచుక్క మందను పొలంలోకి రానివ్వవద్దని. రోగమంటే ఎవరికి భయం ఉండదు? బీరన్న తన గొర్రెలను విడదీసుకుని, "నువ్వు పో బావా" అని వెనక్కి తిరిగాడు.

వెనక్కి వచ్చే దారి పొడుగునా గొర్రెలు వెనక్కి వెనక్కి చూశాయి. ఏటా పోయే బాట వాటికి గుర్తే. అటు పోవాల్సిన వేళ ఇటెందుకు తోలుతున్నాడో వాటికి అర్థం కాలేదు. ఒక గొర్రె నడిబాటలో మొండికేసి కూర్చుంటే బీరన్న కర్రతో కొట్టాడు. ఇన్నేళ్లలో మందను అదిలించాడు, బెదిరించాడు గానీ దెబ్బ వేసి ఎరగడు. కొట్టాక దాని పక్కనే కూలబడి ఏడ్చాడు. అది మాత్రం లేవలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే నోరు రాదు. ఊరికి నల్లా నీళ్లు వస్తాయి గానీ మనుషులకు సరిపోయేంతే. నాగరాణి ఇంటింటికీ తిరిగి బియ్యం కడిగిన నీళ్లు, గిన్నెలు తొలిచిన నీళ్లు అడుక్కొచ్చేది. మొదట్లో అందరూ పోశారు. తర్వాత తలుపులు దగ్గరగా వేసుకోవడం మొదలుపెట్టారు. వాళ్లను తప్పుపట్టలేం, వాళ్లకూ పశువులున్నాయి. ఈనిన గొర్రెలకు పాలు ఎండిపోయాయి. పిల్లలు తల్లి పొదుగును కుమ్మి కుమ్మి, తల్లి తన్నితే పోయి రాళ్లను నాకేవి. పొద్దున లేవగానే బీరన్న మందలోకి పోవడానికి జంకేవాడు. పోతే ఏదో ఒకటి కాళ్లు చాపుకుని ఉండేది. దాని మెడలోని డబ్బీ ఏం చెయ్యాలో ఇప్పుడు అతనికి తెలియదు. మారిస్తే నేరం, విప్పితే నేరం. డబ్బీతో సహా పూడ్చిపెట్టేవాడు.

దేవరకొండకు పోయి సుచరిత కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. ఆమె కుర్చీ జరిపి కూర్చోబెట్టింది. తాను మందను కళ్లారా చూశానని, రోగం లేదని రాసి పంపానని చెప్పింది. ఒకసారి కాదు, పదే పదే. కంపెనీని అడిగితే సర్కారు ఒప్పుకున్న పద్ధతి ఇదే అంటున్నారు. పెద్ద ఆఫీసును అడిగితే, ప్రయోగం నడిచినన్నాళ్లు డబ్బీ మాటే మాట, మేం వేలు పెట్టకూడదు అంటున్నారు. ఆమె ఎవరి మీదా అరవలేదు. చల్లారిపోయిన ఛాయ్ గ్లాసు చుట్టూ వేళ్లు బిగించి కూర్చుంది.

"ప్రయోగానికి చట్టంల మాఫీ ఉన్నది బీరన్నా. ప్రయోగం కింద నలిగినోనికి ఏమున్నదో ఎవరూ రాయలే" అంది.

బీరన్నకు అందులో సగమే అర్థమైంది. ఆ సగం చాలు. తన కోసం ఎక్కడా ఎవరూ కూర్చుని లేరన్నమాట. ఎక్కే గడప లేదు, తిట్టడానికి మొహం లేదు. ఊళ్లో దొర ఉన్న కాలంలో కూడా లచ్చయ్యకు పోయి నిలబడటానికి దొర ఉండే గడి ఒకటి ఉండేది. దొర తన్నేవాడే, కానీ తన్నినవాడెవడో తెలిసేది.

సగం మంద పోయాక రాజేశ్ వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. దొడ్డి దగ్గర నిలబడి, పక్కటెముకలు తేలిన గొర్రెలను ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత బీరన్నను, నాగరాణిని కూర్చోబెట్టి చెప్పాడు. ఎర్రచుక్క పోవడానికి దారి ఒకటుంది. డబ్బీ తప్పు చెప్పిందని రాయడానికి ఫోనులో ఎక్కడా జాగా లేదు, ఎవరూ పెట్టలేదు. కానీ మందకాపరి మోసం చేశానని తనే ఒప్పుకుంటే, విచారణ ముగిసినట్టు లెక్క. గంటలో చుక్క పచ్చగా మారుతుంది. జైలూ గియిలూ ఏమీ ఉండదు. వీడియోలో ఒక్క మాట చెబితే చాలు. అది ఫైల్లో పడి ఉంటుంది, ఎవరూ చూడరు.

సుచరితకు ఈ సంగతి తెలిసి ఫోను చేసింది. ఆమె గొంతు అంత గట్టిగా వినడం బీరన్నకు అదే మొదలు. "గా మాట అనకు బీరన్నా. నువ్వంటే డబ్బీ మంచిగనే పనిచేసింది, మోసం కాపరిదే అని రాసుకుంటరు. రేపు గదే చట్టమైతది. నీ ఒక్కనితోని ఆగదు."

"నేను అనకుంటె నా గొర్లు బతుకుతయా డాక్టరమ్మా?"

 "నాకు తెల్వదు" అంది ఆమె. అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని బీరన్న అనుకున్నాడు.

నాగరాణి వైపు చూశాడు. ఆమె ఒళ్లో ఉన్న గొర్రెపిల్ల నోట్లో తడిగుడ్డ పిండుతోంది. బీరన్న ఆ రోజు చాలా లెక్కలు వేసుకున్నాడు. తాత ఎన్నడూ ఒకరి గొర్రెను తన మందలో కలుపుకోలేదు. తండ్రి మందలోకి దారితప్పి వచ్చిన పొట్టేలును ఊరూరా తిరిగి అసలు యజమానికి అప్పగించాడు. కురుమల్లో దొంగ అనిపించుకున్నవాడి పక్కన ఎవరూ మంద పెట్టరు. ఇవన్నీ ఒక పక్క. దొడ్డిలో అరవడానికి కూడా ఓపిక లేని గొర్రెలు ఇంకో పక్క. ఇదొక తూకమా? ఇలాంటి తక్కెడ ముందు మనిషిని నిలబెట్టినవాళ్లను ఏమనాలో నాకు మాట దొరకడం లేదు.

రాజేశ్ ఫోను ఎత్తి పట్టుకున్నాడు. బీరన్న తలపాగా సర్దుకుని, "ఎర్కలేక తప్పు చేసిన" అన్నాడు. రాజేశ్ ఫోను దించాడు. అలా అంటే చెల్లదట. తెలియక అనకూడదు, తప్పు అనకూడదు, మోసం అనాలి. మళ్లీ ఎత్తాడు.  బీరన్న ఈసారి ఫోను వైపే చూస్తూ అన్నాడు.

"నా పేరు బీరన్న. సచ్చిన గొర్ల డబ్బీలు బతికిన గొర్లకు కట్టి మోసం చేసిన."

చుక్క పచ్చబడింది. నిజంగానే గంట పట్టలేదు. బీరన్న, నాగరాణి ఆ సాయంత్రమే మందను కదిలించారు. నడవలేని వాటిని కిరాయి ఆటోలో వేశారు. రోడ్డు మీద తనిఖీవాళ్లు ఫోను చూసి చెయ్యి ఊపారు, అంతే. కాల్వ గట్టు కనబడగానే గొర్రెలు వాసన పట్టి పరుగెత్తాయి. ఒకదాని మీద ఒకటి పడి మూతులు నీళ్లలో ముంచి, ముక్కుల్లోకి నీళ్లు పోయి తుమ్ముతూ మళ్లీ తాగాయి. కొన్ని ఎక్కువ తాగి ఆ గట్టు మీదే చచ్చిపోయాయి. మిగతావి బతికాయి. అవి తాగుతుంటే బీరన్న ఏడుస్తూ నవ్వాడు, నవ్వుతూ ఏడ్చాడు. మాట పోతే పోయింది, మంద నిలబడిందనుకున్నాడు. ఆ వేసవి మిగిలిన రోజులు కాల్వ కిందే గడిచాయి. సైదులు ఎలా వచ్చావని అడిగితే, వదిలిపెట్టారు అని మాత్రం చెప్పాడు.

వానలు పడ్డాయి. మందలు పల్లెకు తిరిగొచ్చాయి. ఒక రోజు పంచాయతీ ఆఫీసులో మీటింగని చాటింపు వేశారు. కాపరులంతా తప్పకుండా రావాలన్నారు. రాజేశ్ రాలేదు, తెల్లచొక్కా వేసుకున్న వేరే మనిషి వచ్చాడు. ప్రయోగం గొప్పగా జరిగిందని, డబ్బీ ఒక్కసారి కూడా పొరబడలేదని, జరిగిన మోసాలను అదే పట్టుకుందని, వచ్చే వేసవి నుంచి కాల్వ కిందికి పోయే ప్రతి మందకూ డబ్బీ ఉండాల్సిందేనని చెప్పాడు. పాత చీట్లు ఇక చెల్లవు. ఏం చేయకూడదో కాపరులకు తెలియాలి కాబట్టి ఊరూరా ఒక వీడియో చూపిస్తున్నామని, గోడ మీద వెలుతురు పడేలా మెషిన్ తిప్పాడు.

గోడ మీద బీరన్న తలపాగా సర్దుకున్నాడు. తన పేరు చెప్పాడు. మోసం చేసిన అన్నాడు.

 తెల్లచొక్కా మనిషికి ఆ వీడియోలోని వాడు ఆ గదిలోనే ఉన్నాడని తెలియదు. వెనక్కి తిప్పి ఇంకోసారి వేశాడు. బీరన్న వెనక గోడకు ఆనుకుని నిలబడి, కాలి బొటనవేలితో నేలను గీస్తున్నాడు. జనం ఒక్కొక్కరే లేచి, అతని వైపు చూడకుండా పక్కనుంచి బయటకు పోయారు. సైదులు మాత్రం పోలేదు. వచ్చి బీరన్న ఎదురుగా నిలబడ్డాడు. కొడతాడేమో అనుకున్నాడు బీరన్న. కొట్టినా బాగుండేది.

"మోసం చేసినవా బావా?" అని మెల్లగా అడిగాడు సైదులు.

"లేదు."

"మరెందుకన్నవ్?"

"గొర్లు దూపకు సస్తున్నయ్ బావా."

సైదులు తల ఆడించాడు. దాహంతో మంద చస్తోందన్న ఆ జవాబు అతనికి అర్థమైంది. కాపరికి కాపరి మాట అర్థం కాకపోవడమేముంది. గుమ్మం దాకా పోయి ఆగి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"రేపు మా గొర్లకు దూపైతె, మేమేమని చెప్పాలె?"